బటన్ నొక్కక ముందే ముప్పాతిక పని

ఇంట్లో మిషను ఎంబ్రాయిడరీ.. చెడేది ఎక్కడ, నిలిచేది ఎక్కడ

బళ్లారి: పట్టుచీరతో వచ్చే జాకెట్టు ముక్క 80 సెంటీమీటర్లు. మహా అయితే మీటరు. అది పాడైతే అంగట్లో అదే రంగు, అదే జరీ అంచు దొరకదు. చీర మొత్తం మళ్లీ కొనిచ్చినా పెళ్లి ముహూర్తానికి అందదు. ఇంట్లో మిషను పెట్టుకుని ఎంబ్రాయిడరీ చేసే ఆడవాళ్ల గుండెల్లో రాయి పడేది ఇక్కడే. మిషను కంతు నెలనెలా కట్టాలి. ఒక్క జాకెట్టు చెడితే ఆ నెల సంపాదన దాని నష్టానికే పోతుంది. పోయిన గిరాకీ తిరిగి రాదు, ఆమె చెప్పే నాలుగిళ్లూ రావు.

జాకెట్టు చెడగానే అందరూ మిషనునే తిడతారు. నిజానికి చాలాసార్లు తప్పు మిషనుది కాదు. ఫ్రేములో గుడ్డ బిగించే తీరులోనూ, అడుగున వేసే పేపరులోనూ, పాతబడిన సూదిలోనూ ఉంటుంది. బటన్ నొక్కాక మనం చేసేది దారం మార్చడమే. పనితనమంతా అంతకు ముందే అయిపోతుంది.

సరిహద్దు ఊళ్లలో మనవాళ్లకు కుట్టుపని కొత్తేమీ కాదు. 1953 అక్టోబరు 1న బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో ఉండిపోయాయి. మధ్యలో గీత పడింది గానీ బట్టల బేరం ఆ గీతను పట్టించుకోలేదు. బళ్లారిలో జీన్సు, అటు రాయదుర్గంలోనూ జీన్సే. సోలాపూర్ పద్మశాలీలకు తువ్వాళ్లు, దుప్పట్లు. బరంపురానికి పట్టు. హోసూరు నుంచి బెంగళూరు 40 కిలోమీటర్లే కాబట్టి అక్కడి బొటిక్కుల పని ఇళ్లకే వస్తుంది. ఎంబ్రాయిడరీని కన్నడంలో కసూతి అంటారు, మరాఠీలో భరత్‌కామ్, తమిళంలో పూవేలై. శిక్షణ కేంద్రాల్లో, దరఖాస్తుల్లో ఈ మాటలు కనిపిస్తాయి కనుక తెలిసి ఉండటం మంచిది. ఒక్క కసూతి దగ్గర మాత్రం జాగ్రత్త. ధార్వాడ వైపు పోగులు లెక్కపెట్టి చేత్తో కుట్టే పనికీ అదే పేరు. అంగట్లో ‘మిషను ఎంబ్రాయిడరీ’ అని అడిగితే నాలుగు రాష్ట్రాల్లోనూ అర్థమవుతుంది.

ముందు పాత మిషను మీద..

కంప్యూటర్ మిషను కొనాలని తొందరపడే వాళ్లకు మొదటి మాట. ఇంట్లో అమ్మదో అత్తదో నల్ల తొక్కుడు మిషను ఉంటే దాని మీదే నెల రోజులు చెయ్యి తిప్పండి. పాదం తీసేయాలి. గుడ్డను ముందుకు తోసే పళ్లను కిందికి దించాలి, దించే వీలు లేని మిషనుకు వాటి మీద రేకు బిళ్ల కప్పాలి. చేతి ఎంబ్రాయిడరీలో గుడ్డ రింగుకు పైన ఉంటుంది కదా, మిషనుకు దాన్ని తిరగేయాలి. గుడ్డ బల్లకు ఆనుకుని కింద ఉండాలి, రింగు అంచులు పైకి రావాలి.

కొత్తవాళ్లు మరిచిపోయేది ఒకటుంది. పాదం తీసేశాం కదా అని దాని మీట పైకెత్తి వదిలేస్తారు. మీట కిందికి దించితేనే పై దారానికి బిగువు వస్తుంది. పైకి ఉంటే అడుగున దారం గూడు కట్టేస్తుంది. ఇంక కాలి వేగం, చేతి కదలిక కలవడమే. కాలు వేగంగా, చెయ్యి మెల్లగా అయితే కుట్లు గుట్టలు పడతాయి. చెయ్యి ముందుకు పరుగెత్తితే సూది విరుగుతుంది. పాత నూలు గుడ్డ మీద మీ పేరు తెలుగులో రాయడం మొదలుపెట్టండి. మన అక్షరాల్లో గుండ్రాలు ఎక్కువ, చెయ్యి త్వరగా తిరుగుతుంది. కన్నడ అక్షరాలతోనూ అదే లాభం!

ఆ తర్వాతి మెట్టు జిగ్‌జాగ్ మిషను. మోకాలితో మీట నెడితే కుట్టు వెడల్పు పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది. ఆకు మొన సన్నగా మొదలై మధ్యలో వెడల్పై మళ్లీ సన్నబడేది ఈ మోకాలి పనితోనే. నేర్చుకోవడం కష్టం, వచ్చాక తిరుగులేదు. కంప్యూటర్ మిషను ఉన్నవాళ్లకు కూడా ఈ చెయ్యి తిరిగి ఉంటే చిన్న చిన్న తప్పులు సరిదిద్దుకోవడం తేలిక.

కంప్యూటర్ మిషను కొనేటప్పుడు అందరూ చూసేది అందులో ఎన్ని డిజైన్లు ఉన్నాయని. చూడాల్సింది ఫ్రేము కొలత. నాలుగు అంగుళాల ఫ్రేము రుమాళ్లకు, పిల్లల గౌన్లకు సరిపోతుంది. జాకెట్టు వీపు భాగానికి చాలదు, ముక్కలు ముక్కలుగా అతికించుకుంటూ పోవాలి. 20 సెంటీమీటర్లకు 28 సెంటీమీటర్ల ఫ్రేము ఉన్నది తీసుకుంటే మెడ డిజైను రెండు బిగింపుల్లో అయిపోతుంది. రెండో ప్రశ్న: రిపేరు చేసే మనిషి ఎక్కడుంటాడు? సరిహద్దు ఊళ్లలో ఇది పెద్ద తలనొప్పి. ఒక రాష్ట్రంలో కొంటే సర్వీసు సెంటరు ఇంకో రాష్ట్రంలో ఉండొచ్చు. కొనకముందే అడిగి బిల్లు మీద రాయించుకోండి. అంగట్లో చూపించే డెమో వాళ్ల గుడ్డ మీద కాకుండా మీరు తీసుకెళ్లిన పట్టు ముక్క మీద వేసి చూపించమనండి. వాళ్ల గుడ్డ మీద ఏ మిషనైనా బాగానే కుడుతుంది.

బిగియాల్సింది పేపరు, గుడ్డ కాదు

అసలు సంగతి ఇక్కడుంది. ఫ్రేములో గుడ్డను డప్పులా లాగి బిగించాలని చాలామంది అనుకుంటారు. అలా లాగితే పోగులు సాగుతాయి. సాగిన గుడ్డ మీద వేల కుట్లు పడతాయి. ఫ్రేము విప్పగానే గుడ్డ తన కొలతకు తాను వెనక్కి వస్తుంది, కుట్లు రావు. డిజైను చుట్టూ ముడతలు తేలుతాయి. ఇస్త్రీ చేసినా, తడిపినా ఆ ముడతలు పోవు.

డప్పులా ఉండాల్సింది అడుగున వేసే పేపరు. గుడ్డ దాని మీద ముడత లేకుండా, సాగకుండా పడుకోవాలి, అంతే. మర బిగించిన తర్వాత అంచులు పట్టుకుని గుడ్డను మళ్లీ లాగే అలవాటు చాలామందికి ఉంది. దాన్ని మానుకుంటే సగం ముడతలు తగ్గుతాయి. గుడ్డ పోగు ఫ్రేముకు నిలువుగా, అడ్డంగా ఉండాలి. ఏటవాలుగా పెడితే గుడ్డ రబ్బరులా సాగుతుంది.

పట్టు విషయంలో ఇంకా ఒక చిక్కు. ఫ్రేము అదిమిన చోట గీత పడుతుంది, కొన్ని పట్టుల మీద అది పోదు. అందుకని ఫ్రేములో పేపరును మాత్రమే బిగించి, దాని మీద పట్టు ముక్కను పరిచి, డిజైనుకు బయట చుట్టూ పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేసుకోవాలి. చాలా కంప్యూటర్ మిషన్లలో ఆ కచ్చా కుట్టు వేసే బటన్ ఉంటుంది. ఫ్రేము లోపలి రింగుకు నూలు పట్టీ చుట్టుకుంటే జారిపోవడమూ తగ్గుతుంది, గీతలూ తగ్గుతాయి.

అడుగు పేపరు గురించి. దీన్ని స్టెబిలైజర్ అంటారు. కరెంటు దుకాణంలో ఈ పేరు చెబితే ఫ్రిజ్ కింద పెట్టేది చేతికిస్తారు, కనుక ‘ఎంబ్రాయిడరీ పేపరు’ అని అడగండి. మూడు రకాలు. కుట్టయ్యాక చింపేసేది, కత్తెరతో చుట్టూ కోసి మిగతాది లోపలే ఉంచేది, నీళ్లలో కరిగిపోయేది. నేసిన నూలు, పట్టు లాంటి గుడ్డలకు పలుచని డిజైనైతే చింపేది చాలు. కుట్లు దట్టంగా ఉన్నా, టీషర్టు లాంటి సాగే గుడ్డయినా కోసేదే వాడాలి. చింపే పేపరు కొన్ని ఉతుకులకే ముక్కలైపోతుంది, సాగే గుడ్డకు ఆసరా పోయి డిజైను ముద్దయిపోతుంది. డబ్బు మిగుల్తుందని పాత న్యూస్ పేపరు వేసేవాళ్లున్నారు. మా పత్రికే అయినా వద్దనే చెబుతాం. సిరా పట్టుకు అంటుతుంది, సూది మొద్దుబారుతుంది.

జాకెట్టుకు ఎలాగూ లైనింగు వేస్తారు కాబట్టి ఆ నూలు లైనింగును కూడా పట్టు కింద కలిపి కుడితే డిజైనుకు బలం వస్తుంది. అయితే లైనింగును ముందురోజే నీళ్లలో తడిపి, ఆరేసి, ఇస్త్రీ చేసి ఉండాలి. కుట్టాక అది కుంచించుకుపోతే పైన పట్టు బుడగలు తేలుతుంది.

కత్తెర కన్నా ముందు కుట్టు

జాకెట్టు ముక్కను కత్తిరించాక ఎంబ్రాయిడరీకి ఇవ్వడం పెద్ద పొరపాటు. కత్తిరించిన ముక్క ఫ్రేములో నిలవదు, అంచులు పీచులు లేస్తాయి. పైగా దట్టమైన డిజైను గుడ్డను కొంచెం లాగేసుకుంటుంది, కొలత తగ్గుతుంది. ఆది జాకెట్టు పెట్టి వీపు, మెడ, చేతులు గీతలు మాత్రమే గీసుకోవాలి. ఎంబ్రాయిడరీ అయ్యాక ఆది జాకెట్టు మళ్లీ పెట్టి, గీతలు సరిచూసుకుని అప్పుడు కత్తెర పట్టాలి.

గీసేముందు గిరాకీని అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. హుక్కులు ముందా, వెనకా? వెనక అయితే వీపు మధ్యలో డిజైను రెండుగా చీలుతుంది, నడుమ నెమలినో కలశాన్నో పెట్టేస్తే అంతే సంగతులు. మెడ గీతకు పైపింగు కోసం అర అంగుళమైనా ఖాళీ వదలాలి. గీత మీదికే డిజైను తెస్తే పైపింగు వేసేటప్పుడు మిషను పాదం కుట్ల గుట్ట ఎక్కలేక పక్కకు జారుతుంది. చేతుల డిజైనులో నెమలి, చిలుక, ఏనుగు లాంటివి ఉంటే రెండో చేతికి అద్దంలో బొమ్మలా తిప్పి వేయాలి. మిషనులో దానికి బటన్ ఉంది. మరిచిపోతే రెండు నెమళ్లూ ఒకే వైపు చూస్తుంటాయి. చేతులు రెండూ వేసుకున్నాక గానీ అది కనిపించదు.

గీయడానికి దర్జీ సుద్ద అన్నిటికన్నా మేలు. వేడి తగిలితే మాయమయ్యే పెన్నులు వచ్చాయి, నూలు మీద బాగానే ఉంటాయి. కానీ ఆ గీత నిజంగా పోదు, చల్లదనానికి మళ్లీ తేలే అవకాశం ఉంది. ముదురు రంగు పట్టు మీద తెల్లని జాడ మిగిలిపోవచ్చు కూడా. ఏ పెన్నయినా అంచు దగ్గర చిన్న చుక్క పెట్టి చూశాకే వాడండి.

పెద్ద మెడ డిజైనును రెండు బిగింపుల్లో కుట్టేటప్పుడు రెండు ముక్కలు కలిసే చోట దారమంత తేడా వచ్చినా కంటికి కొడుతుంది. దీనికి మందు కాగితం. డిజైనును ముందు వేస్టు గుడ్డ మీదో కాగితం మీదో అసలు కొలతలో తీసుకుని, మధ్యలో ప్లస్ గుర్తు పెట్టి, ఆ గుర్తును గుడ్డ మీదికి ఎక్కించుకోవాలి. ఫ్రేము మీద ఉండే మధ్య గీతలు ఈ ప్లస్ గుర్తుతో కలిస్తేనే బటన్ నొక్కాలి. సూదిని చేతి చక్రం తిప్పి గుర్తు మీదికి దించి చూసుకోవడానికి అర నిమిషం చాలు.

ఎనిమిది గంటలకో సూది

పది రూపాయల సూది దగ్గర పొదుపు చేసి వేల రూపాయల పట్టు పోగొట్టుకోవడం ఈ పనిలో మామూలైపోయింది. సూది విరిగితేనే మారుస్తారు మనవాళ్లు. విరగకముందే మొద్దుబారుతుంది. టక్ టక్ మని గుడ్డను పొడిచే చప్పుడు వస్తే సూది పని అయిపోయిందన్నమాట. ఎనిమిది గంటల కుట్టుకు ఒకసారి మార్చడం మంచి లెక్క. పట్టు జాకెట్టయితే కొత్త సూదితోనే మొదలుపెట్టండి. మామూలు ఎంబ్రాయిడరీకి 75/11 నంబరు సరిపోతుంది. జరీ అంచు దట్టంగా ఉన్న కంచి పట్టుకైనా, జరీ దారంతో కుట్టాలన్నా 90/14 తీసుకోవాలి. దాని కన్ను పెద్దది, దారం ఒరుసుకోదు. జరీ అంచు మీదికి వచ్చినప్పుడు వేగం తగ్గించాలి. నిమిషానికి 400 కుట్లు దాటించకపోతే దారమూ తెగదు, సూదీ విరగదు.

దారంలో రెండు జాతులు. రేయాన్, పాలిస్టర్. అంగట్లో ‘సిల్కు దారం’ అని ఇచ్చేది చాలావరకు రేయానే. మెరుపు బాగుంటుంది కానీ బ్లీచింగుకు తట్టుకోదు. పాలిస్టర్ మెరుపు కొంచెం గట్టిగా కనిపించినా ఉతుకుకు నిలుస్తుంది. పెళ్లి జాకెట్టుకు రేయాన్, స్కూలు యూనిఫారాలకూ రోజూ ఉతికే వాటికీ పాలిస్టర్ అని గుర్తుపెట్టుకోండి. రెండింటికీ 40 నంబరు దారం మామూలు. అడుగున బాబినులో దీనికంటే సన్నది, 60 నంబరు వాడాలి. పై దారాన్నే బాబినులోనూ చుట్టేస్తే అడుగు దట్టమై గుడ్డ అట్టలా తయారవుతుంది.

ఎర్ర దారం తెల్ల గుడ్డ మీద వేసేముందు రంగు దిగుతుందో లేదో చూడాలి. తడి గుడ్డతో దారాన్ని గట్టిగా రుద్దితే తెలిసిపోతుంది.

దారం తెగినప్పుడు చెయ్యి ముందుగా టెన్షన్ బటన్ మీదికి పోతుంది. అక్కడ ఆగండి. మొదట పై దారాన్ని పూర్తిగా తీసి, పాదం పైకెత్తి, మళ్లీ ఎక్కించండి. పాదం కిందికి ఉన్నప్పుడు ఎక్కిస్తే దారం బిగువు బిళ్లల మధ్యకు పోదు. అడుగున దారం గూడు కట్టినా తప్పు పైదే, బాబినుది కాదు. అప్పటికీ తెగితే సూది మార్చండి. తర్వాత బాబిను కేసు తీసి బ్రష్షుతో దుమ్ము దులపండి. బళ్లారి దుమ్ము సంగతి చెప్పక్కర్లేదు, పని లేనప్పుడు మిషనుకు గుడ్డ కప్పకపోతే వారానికే పేరుకుంటుంది. ఇవన్నీ అయ్యాకే టెన్షన్. శాటిన్ కుట్టును తిరగేసి చూస్తే నడుమ మూడో వంతు బాబిను దారం, రెండు పక్కలా పై దారం కనిపించాలి. అలా ఉంటే టెన్షన్ సరిగ్గా ఉన్నట్టే, ముట్టుకోవద్దు.

మిషనుకు కొబ్బరి నూనె వేయొద్దని ఇంకా చెప్పాల్సి వస్తోంది. అది జిగురులా గడ్డకట్టి చక్రం పట్టేస్తుంది. పాత మిషన్లకు మిషను నూనె మాత్రమే. కొత్త కంప్యూటర్ మిషన్లలో చాలావాటికి మనం నూనె వేసే పనే ఉండదు, పుస్తకంలో చూసి గానీ చెయ్యి పెట్టకండి.

కరెంటు పోతే ఏమిటని అడుగుతారు. చాలా మిషన్లు ఆగిన కుట్టు దగ్గర్నుంచే మళ్లీ మొదలుపెడతాయి, మీరు ఫ్రేమును కదపనంత వరకే. చిన్న యూపీఎస్ ఉంటే ఆ భయం ఉండదు.

జీన్సుకు ఒకటి, తువ్వాలుకు ఒకటి

బళ్లారిలో జీన్సు జేబుల మీద పని ఇళ్లకు వస్తుంటుంది. జేబును ప్యాంటుకు అతికించక ముందే ఎంబ్రాయిడరీ అయిపోవాలి. సూది 90/14 కానీ 100/16 కానీ. కుట్టాక ప్యాంటు వాషింగు యూనిట్‌కు పోతుంది కాబట్టి దారం పాలిస్టరే. రేయాన్ వేస్తే బ్లీచింగులో రంగంతా పోయి వెలవెలబోతుంది. ఇంకో హెచ్చరిక. పేరున్న కంపెనీల గుర్తులు కుట్టివ్వమని ఎవరైనా తెస్తే కూలి ఎంత ఇచ్చినా వద్దనండి. 1999 ట్రేడ్ మార్కుల చట్టం కింద దొంగ గుర్తులు వేయడం నేరం. ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, రూ.50 వేల నుంచి రూ.2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. తెచ్చినవాడు తప్పుకుంటాడు, మిషను మీ ఇంట్లో ఉంటుంది.

సోలాపూర్ తువ్వాళ్ల మీద పేర్లు కుట్టి పెళ్లిళ్లకు కానుకలుగా ఇవ్వడం మంచి బేరం. కాకపోతే తువ్వాలు పీచుల్లో అక్షరాలు మునిగిపోతాయి. పైన నీళ్లలో కరిగే పలుచని షీటు పరిచి కుడితే పీచులు అణిగి అక్షరం తేలుతుంది. పని అయ్యాక తడిపితే షీటు కరిగిపోతుంది. సన్నని గీతల అక్షరాలు కాకుండా లావుగా ఉన్నవి తీసుకోండి. జార్జెట్, నెట్ లాంటి పారదర్శక గుడ్డలకు అడుగున కూడా ఈ కరిగే షీటే. పేపరు వేస్తే వెనకనుంచి తెల్లగా కనిపించి పరువు తీస్తుంది.

ఇస్త్రీ ఎప్పుడూ వెనక వైపు నుంచే. కింద మందపాటి తువ్వాలు పరిచి, డిజైనును దాని మీద బోర్లించి చేస్తే కుట్ల ఉబ్బు అణగదు.

డిజైను ఎక్కడిది?

ఫోన్లలో చేతులు మారే ఉచిత డిజైన్లను నమ్ముకుని పట్టు మీద నేరుగా కుట్టేయడం సాహసమే. ఎవరు చేశారో, ఏ గుడ్డకు చేశారో తెలియదు. మంచి డిజైనులో శాటిన్ కుట్టు పడేముందు కింద పలుచని అడుగు కుట్టు పడుతుంది, దాని వల్లే పై కుట్టు నిలబడుతుంది. అది లేని డిజైను మొదటి ఉతుకుకే చెదురుతుంది. డిజైనును మిషనులో పెద్దది, చిన్నది చేసుకోవచ్చు గానీ పది ఇరవై శాతం దాటొద్దు. చాలా మిషన్లలో కొలత మారినా కుట్ల సంఖ్య మారదు. సగానికి తగ్గిస్తే అన్ని కుట్లూ అంత చిన్న చోట పడి గట్టి అట్ట అవుతుంది. 40 నంబరు దారానికి కుట్టుకూ కుట్టుకూ మధ్య 0.4 మిల్లీమీటర్లు ఉండటం మామూలు లెక్క.

మిషను కంపెనీని బట్టి ఫైలు మారుతుంది. జనోమ్‌కు జెఈఎఫ్, బ్రదర్‌కు పీఈఎస్, పెద్ద మిషన్లకు డీఎస్‌టీ. డిజైను చేయించుకునేటప్పుడు ఇది చెప్పకపోతే ఫైలు తెరుచుకోదు. డీఎస్‌టీ ఫైలులో రంగులు ఉండవని కూడా తెలుసుకోండి. తెరమీద ఆకు నీలంగా కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, ఏ దారం ఎక్కించాలో మీరే రాసుకోవాలి. ఏ డిజైనైనా ముందు అదే రకం వేస్టు గుడ్డ మీద, అదే పేపరుతో ఒకసారి కుట్టి చూడాలి. పట్టు మీద కుట్టు విప్పితే సూది రంధ్రాలు అలాగే ఉంటాయి. రెండో అవకాశం లేదు.

కుట్లు లెక్కపెట్టి ధర చెప్పండి

గిరాకీ డిజైను చూపించగానే నోటికొచ్చిన ధర చెప్పేస్తారు, తర్వాత రాత్రంతా కూర్చుంటారు. కంప్యూటర్ మిషను తెర మీద కుట్ల సంఖ్య కనిపిస్తుంది, దాన్ని చూసి చెప్పాలి. ఉదాహరణకు వీపు, రెండు చేతులు కలిపి 70 వేల కుట్లు అనుకోండి. నిమిషానికి 600 చొప్పున రెండు గంటలు మిషను తిరగడానికే. నాలుగు బిగింపులకు గంట. ఒకే సూది మిషనులో ఇరవైసార్లు రంగు మార్చడానికి అరగంట. మొత్తం మూడున్నర గంటలు. వంట, పిల్లలు, బడి అన్నీ చూసుకుంటూ రోజుకు రెండు జాకెట్లకు మించి కావు.

దారం ఖర్చు మనం అనుకున్నంత కాదు. వెయ్యి కుట్లకు అయిదారు మీటర్ల పై దారం పడుతుంది. 70 వేల కుట్లకు 400 మీటర్ల దాకా. ఖరీదైంది మీ సమయం. మగ్గం వర్కుతో పోల్చి గిరాకీ బేరమాడితే నొచ్చుకోనక్కర్లేదు, అది చేతి పని, రోజుల పని. మిషను పని దానికంటే తక్కువకు చేయాల్సిందే. కానీ మీ మూడున్నర గంటల కూలి కంటే కిందికి దిగితే మిషను కంతు మీ ఇంటి ఖర్చులోంచి పోతుంది.

గుడ్డ తీసుకునేటప్పుడే విప్పి, గిరాకీ ముందే మరకలు, చిరుగులు చూసి ఫోనులో ఫొటో తీసుకోండి. ఇచ్చే తేదీ, డిజైను, హుక్కులు ఎటు అన్నది చీటీ మీద రాసివ్వండి. కర్ణాటకలో వరమహాలక్ష్మి పండుగకు, తమిళనాడులో పొంగలుకు, మనవాళ్ల మాఘమాసం పెళ్లిళ్లకు పని ఒక్కసారిగా మీద పడుతుంది. పండుగకు రెండు రోజుల ముందు తెచ్చిన పట్టును కాదనడం నేర్చుకోవాలి. జాకెట్లు చెడేది ఆ తొందరలోనే.

అప్పు కన్నా ముందు శిక్షణ

బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు దేశంలో చాలా జిల్లాల్లో ఉన్నాయి. వీటికి మాతృక అయిన రుడ్‌సెట్ సంస్థ 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైంది. కుట్టుపని శిక్షణ ఉచితం. మీ జిల్లా లీడ్ బ్యాంకులో అడిగితే ఎప్పుడు తరగతులో చెబుతారు. పాఠం ఆ రాష్ట్ర భాషలోనే ఉంటుంది, అయినా మిషను ముందు కూర్చున్నాక భాష అడ్డం రాదు.

2023 సెప్టెంబరు 17న మొదలైన కేంద్ర ప్రభుత్వ పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో దర్జీ పని ఒకటి. శిక్షణ రోజులకు రోజుకు రూ.500, పనిముట్లకు రూ.15 వేలు, తర్వాత 5 శాతం వడ్డీకి మొదటి విడత రూ.లక్ష, అది తీర్చాక రెండో విడత రూ.2 లక్షల దాకా రుణం దాని నిబంధనలు. ఇంటికి ఒక్కరికే. పనిముట్ల 15 వేలతో కంప్యూటర్ మిషను రాదు కానీ మంచి జిగ్‌జాగ్ మిషనుకు ఆసరా అవుతుంది. తమిళనాడు ప్రభుత్వం ఈ పథకాన్ని ఉన్నదున్నట్టు అమలు చేయబోమని 2024 నవంబరులో చెప్పింది, 2025లో కలైజ్ఞర్ కైవినై తిట్టం పేరుతో సొంత పథకం తెచ్చింది. హోసూరు, కృష్ణగిరి వాళ్లు ముందుగా జిల్లా పరిశ్రమల కేంద్రంలో కనుక్కుని వెళ్లడం మంచిది. యానాం వాళ్లు చుట్టూ ఉన్నది ఆంధ్రే కదా అని అటు దరఖాస్తు పెట్టొద్దు, పుదుచ్చేరి కింద పెట్టుకోవాలి.

దరఖాస్తుకు ముందు ఇంకో పని. సరిహద్దు ఊళ్లలో చాలామందికి ఆధార్‌లో పేరు కన్నడ పలుకుబడిలో, పాత సర్టిఫికెట్‌లో తెలుగు పలుకుబడిలో ఉంటుంది. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట అసలే ఉండదు. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాసు పుస్తకం మూడూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూసుకోండి. తేడా ఉంటే ముందు అది దిద్దించుకుని, ఆ తర్వాత కామన్ సర్వీసు సెంటరుకు వెళ్లండి.